ఇల్లు లేనివాళ్ల లెక్క తీసి ప్రభుత్వానికి అందించడం ఎలా

రాత్రిపూట ఆరుబయట పడుకునేవాళ్లు మీ ప్రాంతంలో ఎంతమంది అని అడిగి చూడండి. సేవాసంస్థవాళ్లు ఒక అంకె చెబుతారు. స్థానిక సంస్థ అందులో సగం చెబుతుంది. పోలీసులు "అలాంటివాళ్లు పెద్దగా లేరండీ" అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఏ రాత్రి వెళ్లారు, ఎక్కడెక్కడ వెతికారు అన్నది మాత్రం ఎవరి దగ్గరా రాసి ఉండదు. అందుకే బడ్జెట్ వేసే అధికారి చేతికి చిన్న అంకె సులువుగా చేరుతుంది, షెల్టర్‌లో పడకలూ ఆ అంకెకు తగ్గట్టే వస్తాయి.

స్థానికంగా ఈ లెక్క తీయాలనుకునే చిన్న సంఘాలు, విద్యార్థి బృందాలు, షెల్టర్ నడిపేవాళ్లు, వార్డు స్థాయి ఉద్యోగుల కోసం ఇది రాస్తున్నాను. మొత్తం పనిలో నేను పట్టుబట్టి చెప్పే విషయం ఒకటే: లెక్క తీసే పద్ధతిని ముందే కాగితం మీద పెట్టండి, ఆ కాగితాన్ని లెక్కకు ముందే ప్రభుత్వానికి ఇవ్వండి. అంకె వచ్చాక పద్ధతి గురించి వాదించుకుంటే గెలిచేది ఎప్పుడూ అధికారం ఉన్నవాళ్లే.

1. ముందు ఆఫీసుకు వెళ్లండి, వీధిలోకి తర్వాత

చాలామంది సర్వే అంతా ముగించుకుని ఫైలు పట్టుకుని ఆఫీసుకు వెళ్తారు. "ఇది మా ఫార్మాట్‌లో లేదు" అన్న ఒక్క మాటతో నెలల కష్టం బీరువాలోకి పోతుంది. అందుకని మొదటి అడుగు ఆఫీసు వైపే వేయండి.

ఇల్లు లేనివాళ్ల విషయం ఒకే శాఖ చేతిలో ఉండదు. షెల్టర్లు స్థానిక సంస్థ చూస్తుంది, గృహాల కేటాయింపు ఇంకో శాఖది, ఆరోగ్యం వేరు, పిల్లల సంరక్షణ వేరు, జనగణన వేరు. మీ లెక్కతో ఏ నిర్ణయం మారాలని కోరుకుంటున్నారో ముందు తేల్చుకుంటే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. మహిళల షెల్టర్ కావాలా? ఉన్న షెల్టర్‌లో పడకలు పెరగాలా? ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినవాళ్లు నేరుగా ఫుట్‌పాత్ మీదికి వస్తున్నారని చూపించాలా? ఈ మూడింటికీ పనికొచ్చే సమాచారం ఒకటి కాదు.

అధికారిని కలిసినప్పుడు ఇవి అడిగి రాసుకోండి:

- మీ శాఖ వాడే నిర్వచనం ఏమిటి? అది ఏ చట్టంలో, ఏ ఉత్తర్వులో ఉంది?
- కిందటిసారి లెక్క ఎప్పుడు, ఎలా తీశారు? ఆ ఫారం, ఆ నివేదిక కాపీ ఇవ్వగలరా?
- సమాచారం వార్డులవారీగా కావాలా, ఊరు మొత్తానికి ఒకటిగానా? మీరు వాడే ప్రాంతాల కోడ్లు ఏవి?
- ఏ తేదీలోపు అందితే వచ్చే బడ్జెట్‌కు పనికొస్తుంది?
- ఎవరి పేరున పంపాలి? అందినట్టు రసీదు ఎవరిస్తారు?

చివరి రెండు ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ వాటిని వదలొద్దు. బడ్జెట్ ముగిసిన వారానికి వచ్చిన మంచి నివేదిక కన్నా, సమయానికి అందిన ఓ మోస్తరు నివేదికే ఎక్కువ పని చేస్తుంది.

2. ఎవరిని లెక్కలోకి తీసుకుంటారో రాయండి

అసలు తగాదా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

జపాన్‌లో 2002లో చేసిన చట్టం ప్రకారం పార్కులు, నదీతీరాలు, రోడ్లు, స్టేషన్లు వంటి చోట్ల బతుకు వెళ్లదీస్తున్నవాళ్లే నిరాశ్రయులు. రాత్రంతా ఇంటర్నెట్ కేఫ్‌లో కుర్చీలో నిద్రపోయేవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఫిన్లాండ్‌లో 1987 నుంచి ఏటా తీస్తున్న లెక్కలో, సొంత చోటు లేక స్నేహితుల ఇళ్లలో, బంధువుల ఇళ్లలో తాత్కాలికంగా తలదాచుకున్నవాళ్లు కూడా ఉంటారు. ఈ రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరి పరిస్థితి మెరుగో చెప్పబోవడం అర్థం లేని పని.

భారత జనగణన విధానంలో భవనాల్లో కాకుండా ఆరుబయట, రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, ప్రార్థనా స్థలాల ఆరుబయట, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లను ఇల్లు లేనివారిగా లెక్కిస్తారు. మురికివాడలో రేకుల గుడిసె ఉన్నా అది ఇల్లు కిందికే వస్తుంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఈ లెక్క తీశారు, దేశం మొత్తం మీద 17.73 లక్షల మంది తేలారు.

యూరప్‌లో నిరాశ్రయుల సంస్థల సమాఖ్య ఫియాంట్సా తయారు చేసిన 'ఎథోస్' వర్గీకరణ పెద్ద తరగతులు నాలుగు చెబుతుంది: తల మీద కప్పే లేనివాళ్లు, కప్పు ఉన్నా ఇల్లు లేనివాళ్లు అంటే షెల్టర్లు, హాస్టళ్లలో ఉన్నవాళ్లు, ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో ఉన్నవాళ్లు, మనిషి ఉండదగని ఇంట్లో ఉన్నవాళ్లు. మీ ప్రభుత్వం ఏ నిర్వచనం వాడినా సరే, మీ నోటుపుస్తకంలో ఈ విభజన ఉంచుకోవడం మంచిది.

ఆచరణలో నేను చెప్పేది ఇది. శాఖ నిర్వచనానికి సరిపోయేవాళ్లను ఒక నిలువు గడిలో పెట్టండి. దానికి బయట ఉన్నా నిలువనీడ లేనివాళ్లే అని మీరు అనుకునేవాళ్లను పక్క గడుల్లో విడివిడిగా పెట్టండి: వాహనాల్లో పడుకునేవాళ్లు, కట్టడం పూర్తికాని భవనాల్లో ఉండేవాళ్లు, పనిచేసే చోటే రాత్రి పడుకునేవాళ్లు, ఒకరి ఇంట్లో నాలుగు రోజులు ఇంకొకరి ఇంట్లో నాలుగు రోజులు గడిపేవాళ్లు. గడులను ఎప్పుడూ ముందే కలిపేయకండి. విడిగా ఉన్నవాటిని ఎవరైనా ఎప్పుడైనా కూడుకోవచ్చు, కలిపేసినదాన్ని మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు. పైగా శాఖ అడిగిన అంకె శుభ్రంగా కనిపిస్తే, పక్క గడుల్లో ఉన్నవాళ్ల గురించి మాట్లాడటానికి అధికారికీ ధైర్యం వస్తుంది.

3. ఒక్క రాత్రా, ఒక వారమా, పేర్ల జాబితానా

ఒక్క రాత్రి లెక్క అన్నిటికన్నా ప్రచారంలో ఉన్న పద్ధతి. అమెరికాలో జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రిని ఎంచుకుని స్థానిక సంస్థలు లెక్క తీసి కేంద్ర గృహనిర్మాణ శాఖకు పంపుతాయి. 2024 జనవరిలో అలా తేలినవాళ్లు 7,71,480 మంది, షెల్టర్లలో ఉన్నవాళ్లతో కలిపి. ఇంగ్లండ్‌లో అక్టోబర్ 1, నవంబర్ 30 మధ్య ఒక రాత్రి తీస్తారు. 2024 శరత్కాలంలో 4,667 మంది తేలారు, కానీ ఇందులో హాస్టళ్లు, షెల్టర్లలో ఉన్నవాళ్లు లేరు. మళ్లీ అదే సంగతి, పద్ధతి చెప్పకుండా అంకె చెబితే అది ఎటైనా తిరుగుతుంది.

ఒక్క రాత్రి లెక్కకు ఒక పెద్ద లోపం ఉంది. 50 పడకల షెల్టర్ ఒకటి ఏడాది పొడవునా నిండుగా ఉంది, వచ్చినవాళ్లు సగటున మూడు నెలలు ఉండి వెళ్తున్నారు అనుకోండి. ఏ రాత్రి వెళ్లి చూసినా 50 మందే కనిపిస్తారు. ఏడాదిలో ఆ తలుపు దాటినవాళ్లు మాత్రం 200 మంది. పడకలు ఎన్ని కావాలో చెప్పడానికి మొదటి అంకె చాలు. ఎన్ని కుటుంబాలు ఇల్లు పోగొట్టుకుంటున్నాయో చెప్పడానికి రెండోది కావాలి. ఏ అంకె దేనికో నివేదికలో ఒక వాక్యమైనా రాయండి.

డెన్మార్క్‌లో 2007 నుంచి రెండేళ్లకోసారి, ఏడాదిలోని ఆరో వారమంతా లెక్క తీస్తున్నారు. వీధుల్లో తిరిగి కాకుండా షెల్టర్లు, ఆసుపత్రులు, సంక్షేమ కార్యాలయాలు తమ దగ్గరికి వచ్చిన ఒక్కొక్కరికీ ఒక ఫారం నింపుతాయి, తర్వాత గుర్తింపు సంఖ్య ఆధారంగా రెండుసార్లు వచ్చినవాళ్లను తీసేస్తారు. ఫ్రాన్స్ గణాంక సంస్థ 2001లో, 2012లో షెల్టర్లకు, ఉచిత భోజన కేంద్రాలకు వచ్చేవాళ్ల మీద సర్వే చేసింది. ఒకే మనిషి ఎక్కువ చోట్లకు వస్తే, మొత్తం లెక్కలో అతని వాటా తగ్గేలా లెక్క కట్టింది.

మూడోది పేర్లతో ఉండే జీవజాబితా. ఎవరు కొత్తగా రోడ్డున పడ్డారు, ఎవరికి ఇల్లు దొరికింది, ఎవరు తిరిగి వచ్చారు అని నెలనెలా సరిచేస్తూ పోవడం. ఒక మనిషికి ఇల్లు ఇప్పించే పనికి దీన్ని మించింది లేదు. కానీ గోప్యత విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. తాళం వేసే ఏర్పాటు, చూసే అధికారం ఎవరికి ఉందో రాసిన నియమం, పర్యవేక్షించే మనిషి లేకుండా దీనికి పూనుకోవద్దు. మొదటిసారి చేసేవాళ్లు ఒక్క రాత్రి లెక్కతో మొదలుపెట్టి, తర్వాతి వారం రోజులు భోజన కేంద్రాల దగ్గర అడిగి దాన్ని సరిచూసుకుంటే చాలు.

4. పటం గీయండి, తెలిసినవాళ్లను అడగండి

ఒకప్పుడు వీధిలో బతికినవాళ్లో, ఇప్పుడు బతుకుతున్నవాళ్లో మీ బృందంలో లేకపోతే మీ పటం సగమే. వాళ్లకు తెలిసిన చోట్లు మీకు తట్టవు. ఆడవాళ్లు ముఖ్యంగా కనిపించకుండా ఉండటమే భద్రత అనుకుంటారు, వెలుతురున్న చోట పడుకోరు, కొందరు రాత్రంతా నడుస్తూనో బస్సుల్లో తిరుగుతూనో గడిపి పగలు నిద్రపోతారు. ఈ సంగతులు చెప్పి దారి చూపించేవాళ్లకు ఆ పనికి డబ్బు ఇవ్వండి. జీతం తీసుకునే సర్వేయరు పక్కన వాళ్లను ఊరికే తిప్పుకోవడం న్యాయం కాదు.

తెల్లవారుజామున ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, నైట్ వాచ్‌మన్లు, రాత్రి బస్సుల సిబ్బంది, అత్యవసర వార్డు నర్సులు, వీళ్లందరినీ అడగండి. ప్రతి చోటునూ పగలొకసారి, రాత్రొకసారి చూసి రండి. పగలు ఖాళీగా కనిపించే చోటే రాత్రి నిండిపోతుంది.

తర్వాత ప్రాంతాన్ని ఒక బృందం రెండు మూడు గంటల్లో నడిచి ముగించగల ముక్కలుగా చేయండి. సరిహద్దు రోడ్డుకు రెండు వైపులూ ఎవరివో స్పష్టంగా రాయండి. రెండు బృందాలూ అదే రోడ్డును లెక్కపెట్టడం, లేదా ఇద్దరూ "అది వాళ్లది" అని వదిలేయడం తరచూ జరిగేదే. మనుషులు సరిపోకపోతే న్యూయార్క్ నగరం చేసినట్టు చేయవచ్చు: ఎక్కువమంది ఉంటారని తెలిసిన చోట్లన్నీ చూడాలి, తక్కువ ఉంటారనుకున్న వాటిలో కొన్నిటిని చీటీ వేసి ఎంచుకుని చూసి, వాటి ఆధారంగా మిగతావి అంచనా కట్టాలి. "అక్కడ ఎవరూ ఉండర్లే" అని మీ ఊహతో వదిలేస్తే మాత్రం అది లెక్క కాదు.

5. ఫారం ఒక పేజీ దాటొద్దు

రాత్రి చలిలో నిద్రమత్తులో ఉన్న మనిషిని నలభై ప్రశ్నలు అడగకూడదు. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఈ జవాబు నివేదికలో ఏ పట్టికలోకి వెళ్తుంది అని చూసుకోండి. పట్టిక లేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి.

ఉండాల్సినవి: చోటు, సమయం, చూసి రాశారా అడిగి రాశారా, ఏ గడి కిందికి వస్తారు, వయసు శ్రేణి, తాము చెప్పుకున్న లింగం, ఒంటరిగా ఉన్నారా కుటుంబంతోనా, పిల్లలు ఎంతమంది, ఎన్నాళ్లుగా ఇలా ఉన్నారు, ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు, అది ఎలా పోయింది, ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా. చట్టం కచ్చితంగా అడగమంటే తప్ప మతం, పౌరసత్వం, పోలీసు కేసుల జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న ఎలా అడుగుతామన్న దాని మీదే జవాబు ఆధారపడుతుంది. "మీరు నిరాశ్రయులా?" అంటే చాలామంది కాదనే అంటారు. మీరు వాడిన మాట వాళ్లు తమకు అన్వయించుకోరు, పైగా నొచ్చుకుంటారు. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?", "ఈ రాత్రికి ఎక్కడ?", "ఇష్టమున్నన్నాళ్లు ఉండగలిగే చోటు ఎక్కడైనా ఉందా?" అని అడగండి. ఎన్నాళ్లుగా అని అడిగినప్పుడు తేదీ అడగకండి, ఒక పండుగో, వానాకాలమో, బిడ్డ పుట్టడమో ఆసరా చేసుకుని గుర్తు చేసుకోనివ్వండి. పుట్టిన తేదీ తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. అందుకే వయసుకు శ్రేణులే మేలు.

"తెలియదు", "చెప్పడానికి ఇష్టపడలేదు", "మేము అడగలేదు", ఈ మూడింటికీ మూడు వేర్వేరు కోడ్లు పెట్టండి. ఖాళీ గడి చూసి ఇందులో ఏదో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఆరోగ్యం గురించి సగం మంది చెప్పడానికి ఇష్టపడలేదంటే అదీ శాఖకు తెలియాల్సిన సంగతే.

ఒకే మనిషి రెండుసార్లు పడకుండా "ఈ రాత్రి మిమ్మల్ని ఇంకెవరైనా ఇవే ప్రశ్నలు అడిగారా?" అన్నదాన్ని మొదటి ప్రశ్నగా పెట్టండి. దానికి తోడు పేరులో మొదటి అక్షరం, సొంతూరి మొదటి అక్షరం, వయసు శ్రేణి, లింగం కలిపి ఒక చిన్న కోడ్ తయారు చేసుకోవచ్చు. అది పేరు బయటపెట్టదు, కానీ అనుమానం వచ్చినచోట పోల్చి చూసుకోవడానికి ఆసరా అవుతుంది. కోడ్ కలిసినంత మాత్రాన ఒకే మనిషి అని తేల్చేయకుండా చోటు, సమయం కూడా చూడండి.

ఫారం సిద్ధమయ్యాక, దాన్ని వీధిలో ఉండే కొందరి దగ్గర చదివి వినిపించండి. ఎక్కడ మొహం చిట్లించారో ఆ ప్రశ్న మార్చండి.

6. మాట తీసుకోండి, ఇచ్చిన మాట నిలుపుకోండి

ఇలాంటి జాబితా చెడ్డ చేతుల్లో పడితే మనుషులను ఖాళీ చేయించే పటంగా మారుతుంది. ఫలానా వంతెన కింద ముప్పైమంది ఉన్నారని మీరు రాస్తారు, వారం తిరక్కుండా అక్కడ కంచె పడుతుంది. అందుకే కచ్చితమైన చోటు మీ పని కాగితంలోనే ఉండాలి, నివేదికలో వార్డు పేరు చాలు. సేకరించినవాటిలో ఏవి ఎవరికి ఇస్తారు, పోలీసులు అడిగితే ఏం చెబుతారు అన్నది శాఖతో ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. ఆ ఒప్పందం కుదరకపోతే పేర్లు అసలు రాసుకోవద్దు.

అడిగే ముందు ఇలా చెప్పండి: "మేము ఫలానా సంఘం నుంచి వచ్చాం. రాత్రిళ్లు బయట ఉండేవాళ్లు ఎంతమందో లెక్క రాసి ప్రభుత్వానికి ఇస్తున్నాం. మీ పేరు రాయం. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాం. చెప్పినంత మాత్రాన ఇల్లు వస్తుందని మేము మాట ఇవ్వలేం." చివరి వాక్యం పలకడం కష్టంగా ఉంటుంది. అయినా తప్పకుండా చెప్పాలి. ఆశ పెట్టి తీసుకున్న జవాబు వచ్చే ఏడాది మీ మొహం మీదే తలుపు వేయిస్తుంది.

నిద్రపోతున్నవాళ్లను లేపొద్దు. "చూసి రాశాం" అన్న గడిలో ఒక గీత పెట్టి ముందుకు సాగండి. దుప్పటి ముసుగు తీసి చూడొద్దు. ఆడో మగో తెలియకపోతే తెలియదనే రాయండి. ఫోటోలు అసలు వద్దు, నివేదిక అట్ట మీదికైనా సరే.

ఒంటరి పిల్లలు కనిపిస్తే, ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తే సర్వే నియమాలు పక్కకు పోతాయి. ఎవరికి ఫోన్ చేయాలి, బృందంలో ఎవరు చేస్తారు, వాళ్లు వచ్చేదాకా ఎవరు తోడుంటారు అన్నది బయల్దేరకముందే నిర్ణయించుకోండి. భారతదేశంలో అయితే పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112. తప్పిపోయిన, వదిలేసిన పిల్లలు కనిపించినప్పుడు 24 గంటల్లోగా తెలియజేయడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తప్పనిసరి. ఏ దేశంలో ఉన్నా ఇలాంటి నియమం ఉందేమో ముందే కనుక్కోండి.

7. ఆ రాత్రి

బృందానికి ముగ్గురు నలుగురు చాలు. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు, ఒకరు చుట్టూ గమనిస్తారు. పదిమంది గుంపుగా వెళ్తే దాడికి వచ్చినట్టు ఉంటుంది. అందులో కనీసం ఒక మహిళ ఉండాలి, ఆ చోటు తెలిసిన మనిషి ఒకరుండాలి. యూనిఫాం వేసుకున్నవాళ్లను వెంటబెట్టుకోవద్దు.

జనం ఇంకా పడక చోటికి చేరకముందే మొదలుపెడితే తిరుగుతున్నవాళ్లంతా తప్పిపోతారు, అన్ని బృందాలూ ఒకే సమయంలో కదలకపోతే ఒకే మనిషి రెండు చోట్ల పడతాడు. అర్ధరాత్రి దాటాక అన్ని బృందాలూ ఒకేసారి బయల్దేరడం మంచిది. అదే రాత్రి షెల్టర్లు, ఆసుపత్రి వరండాల లెక్క కూడా వాటి సిబ్బంది నుంచి తీసుకోండి. వాన పడిందా, చలి ఎంత, ఊళ్లో జాతర ఉందా, ముందురోజు ఎక్కడైనా ఖాళీ చేయించారా అన్నవి తప్పక రాయండి. వచ్చే ఏడాది అంకె మారితే మొదట వెతికేది ఈ కాగితాన్నే.

తలుపులున్న చోట్లకు, చీకటి భవనాల్లోకి వెళ్లొద్దు. బయటి నుంచి మనుషుల జాడ కనిపిస్తే "లోపల ఉండవచ్చు" అని విడిగా రాయండి. ఏ వీధి నడవలేకపోయారో కూడా అప్పటికప్పుడే పటం మీద గుర్తు పెట్టండి. తిరిగి వచ్చాక ఎంత అలసటగా ఉన్నా ఫారాలు అందరూ కలిసి ఒకసారి చూసుకుని లేవాలి. తెల్లారితే చేతిరాత ఎవరిదో, ఆ గీత దేనికో గుర్తుండదు.

తర్వాతి వారం రోజులు భోజన కేంద్రాలు, ఉచిత వైద్య శిబిరాల దగ్గర "ఫలానా రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఆ రాత్రి మిమ్మల్ని ఎవరైనా అడిగారా" అని అడిగితే మీరు చూడలేకపోయినవాళ్లు కొందరైనా దొరుకుతారు. అమెరికాలో కూడా రాత్రి లెక్క తర్వాత ఏడు రోజుల వరకు ఇలా అడిగి చేర్చుకోవచ్చు.

8. ఎంతమంది తప్పిపోయారో కూడా లెక్కే

కనిపించినవాళ్ల సంఖ్య ఎప్పుడూ అసలు సంఖ్య కన్నా తక్కువే. ఎంత తక్కువో తెలుసుకునే దారులు ఉన్నాయి. న్యూయార్క్‌లో లెక్క రాత్రి కొందరిని నిరాశ్రయుల మాదిరి వీధుల్లో కూర్చోబెడతారు. లెక్కించే బృందాలకు వాళ్లలో ఎంతమంది కనబడ్డారో చూసి, ఎంత శాతం తప్పిపోతున్నారో కడతారు.

చిన్న బృందానికి ఇంకో దారి సులువు. రెండు వేర్వేరు జాబితాలు తీసుకోండి. రాత్రి లెక్కలో 120 మంది దొరికారు, ఆ వారం భోజన కేంద్రంలో 100 మంది. కోడ్లు పోల్చి చూస్తే 60 మంది రెండింట్లోనూ ఉన్నారు. 120ని 100తో హెచ్చవేసి 60తో భాగిస్తే 200 వస్తుంది. మీ రెండు జాబితాల్లో కలిపి ఉన్నది 160 మందే కాబట్టి ఇంకో 40 మంది ఎక్కడా దొరకలేదని అంచనా. చేపల సంఖ్య కట్టడానికి చాలాకాలంగా వాడుతున్న సూత్రమే ఇది. కాకపోతే రెండు జాబితాలకూ సంబంధం ఉండకూడదన్నది దీని షరతు. వీధిలో మీకు సులువుగా దొరికేవాళ్లే భోజనానికీ వస్తుంటే ఈ అంచనా కూడా అసలు కన్నా తక్కువే చూపిస్తుంది. ఆ మాట నివేదికలో రాసి తీరాలి. లెక్కపెట్టినది 160, అంచనా 200 అని రెండూ వేర్వేరు వరసల్లో ఉండాలి, ఎక్కడా కలవకూడదు.

9. నివేదిక

మొదటి పేజీలో అధికారికి కావలసినది ఉండాలి: ఏ రాత్రి, ఏ ప్రాంతం, శాఖ నిర్వచనం ప్రకారం ఎంతమంది, పక్క గడుల్లో ఎంతమంది, అంచనా ఎంత, దీన్నిబట్టి మీరు కోరేది ఏమిటి. రెండో పేజీ మొత్తం పద్ధతికి ఇవ్వండి. నడిచిన వీధులు, నడవనివి, బృందాల సంఖ్య, సమయం, వాతావరణం, ఎంతమందిని చూసి రాశారు, ఎంతమందిని అడిగి రాశారు. చాలా నివేదికల్లో ఈ పేజీ చివర అనుబంధంలో నలిగిపోతుంది, నా దృష్టిలో అంకెలకు ఉన్నంత విలువ దీనికీ ఉంది.

పట్టికల్లో ఎక్కడైనా ఐదుగురి కన్నా తక్కువ వస్తే ఆ అంకె దాచండి. ఫలానా వార్డులో ఎనభై దాటిన మహిళ ఒక్కరు అని రాస్తే పేరు రాయకపోయినా అందరికీ తెలిసిపోతుంది. దాచిన అంకెను మొత్తం నుంచి తీసివేసి కనుక్కునే వీలు లేకుండా పక్కనున్న మరో గడిని కూడా దాచాలి.

కిందటి ఏడాదితో పోల్చడంలో జాగ్రత్త. కరోనా కారణంగా 2021 జనవరిలో అమెరికాలోని చాలా ప్రాంతాలు వీధుల్లో లెక్క తీయలేదు. ఆ ఏడాది మొత్తాన్ని ముందు వెనకలతో పోల్చి తగ్గిందనో పెరిగిందనో అంటే అది తప్పే. మీ దగ్గరా అంతే. ఈసారి రెండు వార్డులు ఎక్కువ నడిచి ఉంటే, పోలికకు పాత వార్డులనే తీసుకుని, కొత్తవి విడిగా చూపండి.

సమాచారాన్ని శాఖ కంప్యూటర్‌లో నేరుగా తెరుచుకునే పట్టికగా పంపండి, చిత్రంగానో స్కాన్ కాపీగానో కాదు. ప్రతి నిలువు వరసకూ అర్థం, ప్రతి కోడ్‌కూ వివరణ ఉన్న కాగితం జతచేయండి. ఫైలు పేరులో తేదీ, కూర్పు సంఖ్య పెట్టండి. తర్వాత తప్పు దొరికితే పాతదాన్ని గుట్టుగా మార్చేయకుండా రెండో కూర్పుగా పంపి, ఏం మారిందో ఒక వాక్యం రాయండి. అందినట్టు సంతకం తీసుకోండి.

10. ఇచ్చేశాక

శాఖ వేరే అంకె ప్రకటించిందనుకోండి. మొదట పద్ధతులు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా నిర్వచనంలోనో, రాత్రి వాతావరణంలోనో, వదిలేసిన వార్డుల్లోనో సాధారణంగా తేలిపోతుంది. లెక్కకు ముందే మీ పద్ధతి వాళ్ల ఫైల్లో ఉంది కాబట్టి "మీకు కావలసినట్టు పెంచి చెప్పారు" అనే వీలు ఉండదు. జవాబే రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్న దేశాల్లో దాని కింద దరఖాస్తు పెట్టండి. భారతదేశంలో 2005 నాటి చట్టం ప్రకారం 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. "మా నివేదిక మీద ఏం చర్య తీసుకున్నారు" అని గుండుగుత్తగా అడగకుండా, ఆ నివేదిక ఉన్న ఫైలు మీద అధికారులు రాసిన వ్యాఖ్యల (నోటింగ్‌ల) కాపీలు అడగండి. అప్పుడే పనికొచ్చే జవాబు వస్తుంది.

సమాధానాలు చెప్పినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లండి. ఎంతమంది తేలారు, ప్రభుత్వానికి ఏం రాశాం, వాళ్లేం అన్నారు అని అదే చోట కూర్చుని చెప్పండి. అంకె తప్పు అనిపిస్తే వాళ్లే చెబుతారు. "ఆ గోడ వెనక చూడలేదా, అక్కడ నాలుగు కుటుంబాలు ఉంటాయి" అంటారు. అది వచ్చేసారి పటంలోకి ఎక్కించండి.

కోడ్లు, కచ్చితమైన చోట్లు, ఒకవేళ రాసుకుని ఉంటే పేర్లు ఉన్న కాగితాలను ఎప్పుడు చించేస్తారో, ఫైళ్లు ఎప్పుడు తుడిచేస్తారో ముందే ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీని సమ్మతి తీసుకునేటప్పుడే చెప్పి ఉండాలి. ఆ రోజు ఇద్దరు కలిసి ఆ పని చేసి, చేసినట్టు సంతకాలు పెట్టి, ఆ సంతకాల కాగితాన్ని మాత్రం ఫైల్లో ఉంచండి.